ప్యాకేజీ ఇన్‌స్టాల్‌తోపాటే డేటాబేస్ కూడా సిద్ధం కావాలంటే పోస్ట్‌ఇన్‌స్ట్‌లో ఎంతవరకు వ్రాయవచ్చు?

ప్రశ్న: మూటకట్టు

నమస్కారం. మా సంస్థలో లోపలి అవసరాలకు వాడే ఒక వెబ్ అప్లికేషన్‌ను డెబియన్ ప్యాకేజీగా కట్టి, పన్నెండు సర్వర్లలో ఇన్‌స్టాల్ చేసే పని రెండేళ్లుగా నాది. సర్వర్లన్నింటిలోనూ డెబియన్ 12 అనే లినక్స్, దానితోపాటు వచ్చే డేటాబేస్ సర్వర్ పోస్ట్‌గ్రెస్ 15 ఉన్నాయి. డెబియన్ ఇన్‌స్టాల్ సాధనమైన ఆప్ట్‌తో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, ఇంకే చేతిపనీ లేకుండా అప్లికేషన్ నడవాలన్నది మొదటినుంచీ నా పట్టుదల. అందుకని డేటాబేస్‌కు సంబంధించిన పనంతా పోస్ట్‌ఇన్‌స్ట్‌లో, అంటే ప్యాకేజీ ఫైళ్లు దిగాక తానుగా నడిచే స్క్రిప్టులోనే పెట్టాను. ఆ స్క్రిప్టు ముందుగా పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు మారి, అప్లికేషన్ పేరుతో ఒక రోల్‌నూ (డేటాబేస్ యూజర్) ఒక డేటాబేస్‌నూ సృష్టిస్తుంది. తరువాత టేబుళ్లున్న ఎస్‌క్యూఎల్ ఫైలును పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ క్లయింటైన పీఎస్‌క్యూఎల్‌కు అందిస్తుంది. అప్‌గ్రేడ్ అయితే కొత్త మార్పుల ఫైళ్లను వరుసగా నడుపుతుంది.

మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇది చక్కగానే పనిచేసింది. ప్యాకేజీ తీసివేసి మళ్లీ పెట్టిన చోట మాత్రం, ఆ రోల్ ఇదివరకే ఉన్నదన్న ఎర్రర్‌తో స్క్రిప్టు ఆగిపోయింది. దానికి అప్పటికప్పుడు ఒక అతుకు వేశాను. కంటైనర్ ఇమేజ్ కట్టేటప్పుడు పోస్ట్‌గ్రెస్ సర్వర్ అసలు మొదలే కాదు కనుక అక్కడా విఫలమయ్యింది. దానికి ఇంకో అతుకు వేశాను. అసలు దెబ్బ పోయిన వారం తగిలింది. రాత్రి తనంతట తానుగా జరిగే అప్‌గ్రేడ్‌లో కొత్త వెర్షన్ వచ్చి, ఒక పెద్ద టేబుల్‌కు కాలమ్ చేర్చబోయింది. అదే సమయంలో రిపోర్టుల కోసం ఎవరో తెరిచి మరచిపోయిన సెషన్ ఒకటి ఆ టేబుల్‌ను పట్టుకుని ఉండడంతో స్క్రిప్టు తెల్లవారేదాకా అలాగే వేచి ఉండిపోయింది. ఉదయం వచ్చిన సహోద్యోగి ఆప్ట్ బిగుసుకుపోయిందనుకుని మెషీన్‌ను రీబూట్ చేశారు. అప్పటినుంచి ఆ ప్యాకేజీ హాఫ్-కాన్ఫిగర్డ్ (అమరిక సగంలో ఆగిన) స్థితిలో ఉన్నది. వేరే ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయబోయినా ఆప్ట్ కింద అసలు ఇన్‌స్టాల్ పని చేసే డీపీకేజీ ముందుగా నా స్క్రిప్టునే మళ్లీ నడిపి, మార్పుల్లో మొదటిది ఇదివరకే జరిగిపోయిందని ఎర్రర్ చూపి ఆగిపోతున్నది.

ఈ పనిని పద్ధతిగా చేసే మార్గం ఏదైనా ఉన్నదా, లేక డేటాబేస్ పనిని ప్యాకేజీలో పెట్టడమే నేను చేసిన పొరపాటా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగోరుతున్నాను.

జవాబు: పాతపెంగ్విన్

మీరు చేతితో వ్రాసుకున్న పనిలో ముప్పాతిక వంతు చేసిపెట్టే ఏర్పాటు డెబియన్‌లో చాలాకాలంగా ఉన్నది. దాని పేరు డీబీకాన్ఫిగ్-కామన్. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ, ఎస్‌క్యూలైట్‌లలో ఏది వాడే ప్యాకేజీకైనా ఇది పనికివస్తుంది. మీ ప్యాకేజీలోని కాన్ఫిగ్, పోస్ట్‌ఇన్‌స్ట్, ప్రీఆర్ఎం, పోస్ట్‌ఆర్ఎం (చివరి రెండూ తీసివేతకు ముందూ తరువాతా నడిచేవి) స్క్రిప్టుల్లో దాని షెల్ ఫైలును కలుపుకుని, డీబీసీ_గో అనే ఫంక్షన్‌ను ప్యాకేజీ పేరుతో పిలిస్తే సరిపోతుంది. డేటాబేస్ ఈ మెషీన్‌లోనే ఉన్నదా, వేరే చోట ఉన్నదా, దాని పేరేమిటి, ఏ యూజర్‌తో కలవాలి వంటి ప్రశ్నలన్నింటినీ అదే డెబ్‌కాన్ఫ్ ద్వారా, అంటే ఇన్‌స్టాల్ సమయంలో ప్రశ్నలడిగే డెబియన్ ఏర్పాటు ద్వారా, అడుగుతుంది. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే తానే ఒకదాన్ని పుట్టిస్తుంది. జవాబులను ఈటీసీ కింద డీబీకాన్ఫిగ్-కామన్ డైరెక్టరీలో మీ ప్యాకేజీ పేరుతో ఉండే ఫైలులో దాచి, రూట్‌కు తప్ప మరెవరికీ కనపడకుండా చూస్తుంది. అవే వివరాలను మీ అప్లికేషన్ చదవగలిగే రూపంలో, అంటే పీహెచ్‌పీ, పెర్ల్, షెల్ లేదా మీరిచ్చిన టెంప్లేటు రూపంలో, వేరొక ఫైలుగా వ్రాసి ఇవ్వడం కూడా దానికి వచ్చు.

టేబుళ్ల ఫైలును యూఎస్ఆర్-షేర్ కిందనున్న నిర్ణీత డైరెక్టరీలో, ఇన్‌స్టాల్ అనే విభాగంలో ఉంచాలి. మార్పుల ఫైళ్లను అప్‌గ్రేడ్ విభాగంలో, ఏ వెర్షన్‌తో ఆ మార్పు వచ్చిందో ఆ వెర్షన్ సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టి ఉంచాలి. పాత వెర్షన్ అంతకన్నా వెనుకటిదైతేనే ఆ ఫైలు నడుస్తుంది. అప్‌గ్రేడ్‌కు ముందు డేటాబేస్‌ను డంప్ (పూర్తి ప్రతి) తీసి దాచడం కూడా అదే చూసుకుంటుంది. మనుషులు లేని ఇన్‌స్టాల్ అయితే డెబ్‌కాన్ఫ్-సెట్-సెలక్షన్స్‌తో జవాబులను ముందుగానే నింపి, డెబియన్_ఫ్రంటెండ్‌ను నాన్‌ఇంటరాక్టివ్‌గా పెట్టండి.

ప్యాకేజీ ఆధారాలు వ్రాసేటప్పుడు ఒక విషయం గమనించండి. డీబీకాన్ఫిగ్-పీజీఎస్‌క్యూఎల్ లేదా డీబీకాన్ఫిగ్-నో-థ్యాంక్స్, ఈ రెండింటిలో ఏదైనా సరేనన్నట్లు డిపెండ్స్ (తప్పనిసరి ఆధారాలు) వ్రాయడం ఆనవాయితీ. నా డేటాబేస్ జోలికి రావద్దనుకునే నిర్వాహకుడు రెండవది ఇన్‌స్టాల్ చేసుకుంటాడు. పేరులోనే ఇంత మర్యాదగా వద్దని చెప్పే ప్యాకేజీ మరొకటి నాకు తెలియదు. పోస్ట్‌గ్రెస్ సర్వర్‌ను మాత్రం డిపెండ్స్‌లో పెట్టకండి, రికమెండ్స్ (సిఫారసు) చాలు. డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉన్నవారికి ఇక్కడ ఒక సర్వర్‌ను బలవంతంగా దింపడం న్యాయం కాదు.

ఇప్పుడు చిక్కుకున్న మెషీన్ విషయం. మీ పోస్ట్‌ఇన్‌స్ట్‌కు డీపీకేజీ రెండవ ఆర్గ్యుమెంటుగా ఇచ్చేది చివరిసారి విజయవంతంగా కాన్ఫిగర్ అయిన వెర్షన్. మధ్యలో తెగిన అప్‌గ్రేడ్‌ను మళ్లీ కొనసాగించినా అదే పాత వెర్షన్ వస్తుంది కనుక మీ స్క్రిప్టు మళ్లీ మొదటి మెట్టునుంచే ఎక్కబోతుంది. జరిగిపోయిన మార్పులేవో పీఎస్‌క్యూఎల్‌లో చూసుకుని, మిగిలినవి చేతితో పూర్తిచేసి, పోస్ట్‌ఇన్‌స్ట్‌లో ఆ మెట్లను తాత్కాలికంగా దాటవేసి డీపీకేజీ కాన్ఫిగర్ ఆదేశాన్ని నడపండి. అందంగా ఉండదు కానీ ముడి విడుతుంది.

జవాబు: స్కీమాకాపరి

డీబీకాన్ఫిగ్-కామన్ గురించి పాతపెంగ్విన్ గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు, కానీ సగం దూరం వరకే. డేటాబేస్‌నూ రోల్‌నూ సృష్టించడం ఒక పని, ఉన్న టేబుళ్లను మార్చడం వేరొక పని. మొదటిదానికి అడ్మిన్ అధికారం కావాలి, సాధారణంగా ఒక్కసారే జరుగుతుంది, రెండు సెకన్లలో ముగుస్తుంది. రెండవదానికి అప్లికేషన్ అధికారం చాలు, ప్రతి వెర్షన్‌కూ జరుగుతుంది, ఎంతసేపు పడుతుందో డేటా పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మొదటిది ఇన్‌స్టాల్ సమయంలో జరిగితే ఇబ్బంది లేదు. రెండవదాన్ని పోస్ట్‌ఇన్‌స్ట్‌లో పెట్టడమంటే, మీ టేబుల్ మీది లాక్ విడుదలయ్యేదాకా మెషీన్‌లోని డీపీకేజీ లాక్‌ను కూడా బిగపట్టి కూర్చోవడమే. మీకు జరిగింది సరిగ్గా ఇదే. అది డీబీకాన్ఫిగ్-కామన్ వాడినా జరిగేది, పైగా అప్‌గ్రేడ్‌కు ముందు తీసే డంప్ వార్ కిందనున్న క్యాష్ డైరెక్టరీలోకి వెళ్తుంది కనుక, డేటాబేస్ పెద్దదైతే ఆ డిస్కు నిండే ముచ్చట కూడా తోడవుతుంది.

మీ స్క్రిప్టులో ఇంకొక గుంట ఉన్నదని నా అనుమానం. ఫైలునుంచి ఎస్‌క్యూఎల్ చదివేటప్పుడు పీఎస్‌క్యూఎల్ మామూలుగా మధ్యలో ఎర్రర్ వచ్చినా ఆగదు, తరువాతి వాక్యానికి వెళ్తుంది, చివరకు సున్నా స్టేటస్‌తో బయటకు వస్తుంది. షెల్ స్క్రిప్టు మొదట్లో సెట్-ఈ (ఎర్రర్ వస్తే ఆగమనే అమరిక) ఉన్నా అది ఏమీ పట్టుకోలేదు. ఆన్_ఎర్రర్_స్టాప్ వేరియబుల్‌ను 1 చేస్తే ఎర్రర్ వచ్చిన చోట ఆగి 3 స్టేటస్ ఇస్తుంది. సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా చేర్చితే ఫైలంతా ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే అంతా జరగడమో ఏదీ జరగకపోవడమో అన్నట్లు, నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పులు కూడా ట్రాన్సాక్షన్‌లో ఇమిడిపోతాయి కనుక మధ్యలో కరెంటు పోయినా టేబుళ్లు పాత స్థితికే తిరిగి వస్తాయి. మీ మొదటి మార్పు మాత్రమే నిలిచిపోయిందంటే ఒక్కొక్క వాక్యమూ విడివిడిగా కమిట్ అయ్యిందనే అర్థం. మైఎస్‌క్యూఎల్‌లో ఈ సదుపాయం లేదు, అక్కడ ప్రతి టేబుల్ మార్పూ అంతకుముందు జరిగినదాన్ని చెప్పకుండానే కమిట్ చేసేస్తుంది. ఆ రకంగా మీరు అదృష్టవంతులు.

నేను పాటించే పద్ధతి ఇది. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులను అప్లికేషన్‌లోనే మైగ్రేట్ అనే ఉపఆదేశంగా వ్రాస్తాను. అది ముందుగా అడ్వైజరీ లాక్ (ప్రోగ్రాములు తమలో తాము పాటించుకునే పోస్ట్‌గ్రెస్ లాక్) తీసుకుంటుంది, అందువలన రెండు మెషీన్లు ఒకేసారి మొదలైనా ఒకటి మాత్రమే పని చేస్తుంది. స్కీమా వెర్షన్ అనే చిన్న టేబుల్ చూసుకుని, ఇంకా జరగని మార్పులనే నడుపుతుంది. ప్రతి మార్పూ, దాని వెర్షన్ నమోదూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటాయి. లాక్ కోసం వేచి ఉండే గడువైన లాక్_టైమౌట్‌ను ఐదు సెకన్లు పెడతాను. ఎవరో మరచిపోయిన సెషన్ అడ్డుగా ఉంటే తెల్లవారేదాకా వేచి ఉండకుండా, ఐదు సెకన్లలో స్పష్టమైన ఎర్రర్‌తో ఆగుతుంది. సెషన్ తెగితే అడ్వైజరీ లాక్ తానే విడిపోతుంది కనుక ఎక్కడా పాత లాక్ ఫైలు వెదికి తుడిచే పని ఉండదు.

ఈ ఆదేశాన్ని, సర్వీస్‌లను నడిపే సిస్టమ్‌డీలో వన్‌షాట్ (ఒకసారి నడిచి ముగిసే) రకం సర్వీస్‌గా పెట్టి, అసలు సర్వీస్ దానిమీద రిక్వైర్స్, ఆఫ్టర్ రెండింటితోనూ ఆధారపడేలా వ్రాయండి. అసలు సర్వీస్‌లోనే ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ (సర్వీస్‌కు ముందు నడిచే ఆదేశం) కింద పెట్టేద్దామనిపిస్తుంది, నేనూ మొదట అలాగే చేశాను. మామూలు సర్వీస్ మొదలవడానికి సిస్టమ్‌డీ ఇచ్చే గడువు 90 సెకన్లు, ఆ గడువులో ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ కూడా లెక్కలోకి వస్తుంది. రెండు నిమిషాలు పట్టే మార్పును 90వ సెకనులో చంపి, రీస్టార్ట్ అమరిక ఉంటే మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ చంపుతుంది. వన్‌షాట్‌కు ఈ గడువు మామూలుగా వర్తించదు. దానికి రిమెయిన్‌ఆఫ్టర్‌ఎగ్జిట్ మాత్రం పెట్టకండి, పెడితే ఒకసారి నడిచిన సర్వీస్ ఇంకా నడుస్తున్నట్లే లెక్క కనుక తరువాతి అప్‌గ్రేడ్‌లో మళ్లీ నడవదు.

ఇలా చేస్తే ఇమేజ్ కట్టేటప్పటి సమస్య కూడా తీరుతుంది. సాధారణంగా వాడే డెబియన్ కంటైనర్ ఇమేజ్‌లలో పాలసీ-ఆర్‌సీ.డీ అనే స్క్రిప్టు 101 స్టేటస్ ఇచ్చి సర్వీస్‌లేవీ మొదలుకాకుండా అడ్డుకుంటుంది. అది లోపం కాదు, బిల్డ్ సమయంలో సర్వర్లు నడవకూడదని కావాలని చేసిన ఏర్పాటు. మైగ్రేట్ ఆదేశం పోస్ట్‌ఇన్‌స్ట్‌లో లేనప్పుడు టేబుళ్ల మార్పులకు బిల్డ్‌లో డేటాబేస్ అవసరమే రాదు. కంటైనర్ మొదలైనప్పుడు అదే ఆదేశాన్ని ముందుగా నడిపితే సరి.

జవాబు: రెండుదారులు

నేను ఆర్‌పీఎం (ఫెడోరా వంటి లినక్స్‌లలోని ప్యాకేజీ పద్ధతి) వైపునుంచి వచ్చినవాణ్ని కనుక ఒక పోలిక చెబుతాను. అక్కడ ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ప్రశ్నలు అడగకూడదన్నది నియమం, డెబ్‌కాన్ఫ్ వంటిదే లేదు. ఫెడోరాలో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేస్తే డేటా డైరెక్టరీ కూడా తయారుకాదు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-సెటప్ ఆదేశాన్ని మనమే నడపాలి. డెబియన్‌లో మెయిన్ అనే క్లస్టర్ తానుగా తయారవుతుంది. ఇంకొక తేడా, ఆర్‌పీఎంలో పోస్ట్ స్క్రిప్టు విఫలమైనా హెచ్చరిక చూపి ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినట్లే లెక్కవేస్తారు. అందుకే డేటాబేస్ పని స్క్రిప్టులో పెడితే డెబియన్‌లో మెషీన్ బిగుసుకుపోతుంది, ఆర్‌పీఎంలో సగం పని చెప్పకుండా మిగిలిపోతుంది. ఈ రెండింటికీ ప్యాకేజీ కట్టవలసి వచ్చాక నేను కూడా స్కీమాకాపరి గారి దారికే వచ్చాను.

మూటకట్టు

అందరికీ ధన్యవాదాలు. చిక్కుకున్న మెషీన్ విడిపడింది. స్కీమాకాపరి గారి అనుమానం నిజమే, ఆన్_ఎర్రర్_స్టాప్ పెట్టి టెస్ట్ మెషీన్‌లో పాత ఫైళ్లన్నీ నడిపితే, ఏడాది కిందటి ఒక ఇండెక్స్ మా సర్వర్లలో చాలావాటిలో అసలు తయారే కాలేదని ఇప్పుడు బయటపడింది. ఒక ఫైలులో కామా తప్పింది, ఎవరూ చూడలేదు.

డేటాబేస్‌నూ రోల్‌నూ మాత్రం, సర్వర్ నడుస్తుంటేనే సృష్టించేలా, పోస్ట్‌ఇన్‌స్ట్‌లో ఉంచి, మిగిలినదంతా మైగ్రేట్ ఆదేశానికి మార్చుతున్నాను. పాస్‌వర్డ్ పుట్టించి ఎక్కడ దాచాలన్నదీ, ప్యాకేజీని పర్జ్ చేసినప్పుడు (కాన్ఫిగరేషన్‌తో సహా తీసివేసినప్పుడు) డేటాబేస్‌ను కూడా తొలగించాలా వద్దా అన్నదీ, ఈ రెండూ ఇంకా తేలలేదు.

జవాబు: పాతపెంగ్విన్

డేటాబేస్ అదే మెషీన్‌లో ఉన్నంతకాలం మీకు పాస్‌వర్డ్ అవసరమే లేదు. అప్లికేషన్ ఏ సిస్టమ్ యూజర్‌తో నడుస్తుందో అదే పేరుతో పోస్ట్‌గ్రెస్ రోల్ సృష్టించి, యూనిక్స్ సాకెట్ ద్వారా కలవండి. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ లోకల్ కనెక్షన్లకు పీర్ పద్ధతినే వాడుతుంది, అంటే కలుస్తున్న ప్రాసెస్ ఏ యూజర్‌దో కెర్నెల్‌నే అడిగి తెలుసుకుంటుంది. లేని పాస్‌వర్డ్‌ను ఎవరూ దొంగిలించలేరు. వేరే మెషీన్‌లోని డేటాబేస్ అయితే 0600 అనుమతులున్న (యజమాని మాత్రమే చదవగల) పీజీపాస్ అనే పాస్‌వర్డ్ ఫైలు వాడండి. అంతకన్నా వదులుగా ఉంటే క్లయింటు దాన్ని పట్టించుకోదు. పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్‌లో మాత్రం ఇవ్వకండి, ప్రాసెస్‌ల పట్టిక చూడగలిగిన ప్రతివారికీ అది కనిపిస్తుంది.

రోల్ సృష్టించడానికి పోస్ట్‌గ్రెస్‌లో ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ లేదు, డేటాబేస్‌కూ లేదు. పీజీ_రోల్స్, పీజీ_డేటాబేస్ పట్టికల్లో ఆ పేరున్నదో లేదో చూసి, లేకపోతేనే సృష్టించేలా వ్రాయండి. స్క్రిప్టును పదిసార్లు నడిపినా మొదటిసారి వచ్చిన ఫలితమే ఉండాలి. డెబియన్ పాలసీ మెయింటెయినర్ స్క్రిప్టులనుంచి కోరేది కూడా అదే.

పర్జ్ సంగతికి వస్తే, రిమూవ్ చేసినప్పుడు డేటాబేస్‌ను ముట్టుకోకూడదన్న విషయంలో రెండో అభిప్రాయం లేదు. పర్జ్‌లో డెబ్‌కాన్ఫ్ ద్వారా అడగండి, అప్రమేయ జవాబు వద్దు అనే ఉంచండి. కాన్ఫిగరేషన్ ఫైళ్లు మీవి, డేటా మీది కాదు. డీబీకాన్ఫిగ్-కామన్ కూడా అడిగే తొలగిస్తుంది. పోస్ట్‌ఆర్ఎంలో ఒక ఉచ్చు ఉన్నది. పర్జ్ జరిగే సమయానికి మీరు ఆధారపడిన ప్యాకేజీలు ఇంకా ఉంటాయన్న హామీ లేదు. డెబ్‌కాన్ఫ్ ఫైలు గానీ, పీఎస్‌క్యూఎల్ గానీ ఉన్నదో లేదో పరీక్షించాకే వాడండి. లేకపోతే పర్జ్ కూడా ఎర్రర్‌తో ఆగి, తీసివేయడానికి కూడా వీలుకాని ప్యాకేజీ ఒకటి మిగులుతుంది.

మూటకట్టు

పై సూచనలన్నీ చేర్చి టెస్ట్ మెషీన్‌లో ప్రయత్నించాను. తీసివేసి పెట్టినా, మధ్యలో ఆపి మళ్లీ నడిపినా డేటాబేస్ భాగం సరిగ్గా ఉన్నది. కొత్తగా ఒక వింత వచ్చింది. డెబ్‌కాన్ఫ్ కలిపినప్పటినుంచి పోస్ట్‌ఇన్‌స్ట్‌లోని చివరి వాక్యం కూడా నడిచిన తరువాత ఆప్ట్ కదలకుండా ఆగిపోతున్నది. స్క్రిప్టు ప్రాసెస్ ముగిసిపోయింది, డేటాబేస్‌లో లాక్‌లేమీ లేవు, సీపీయూ ఖాళీగా ఉన్నది. కంట్రోల్-సీ నొక్కితే తప్ప బయటకు రావడం లేదు.

జవాబు: స్కీమాకాపరి

పోస్ట్‌ఇన్‌స్ట్ చివర ఏదైనా ప్రోగ్రామ్‌ను యాంపర్‌సాండ్ గుర్తుతో బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలారా? డెబ్‌కాన్ఫ్ మీ స్క్రిప్టుతో 3వ నంబరు ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచి ఉన్న ఫైలు లేదా పైపుకు గుర్తు) ద్వారా మాట్లాడుతుంది. మీరు వదిలిన ప్రోగ్రామ్ ఆ డిస్క్రిప్టర్‌ను వారసత్వంగా తీసుకుని తెరిచే ఉంచుతుంది, డెబ్‌కాన్ఫ్ ఏమో అవతలివారు ఇంకా మాట్లాడతారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మూటకట్టు

అవును, ఉన్నది. పాత స్క్రిప్టులో క్యూ వర్కర్‌ను అలాగే మొదలుపెట్టేవాణ్ని, ఆ వరుస తీయడం మరచిపోయాను.

జవాబు: స్కీమాకాపరి

ఆ వరుస తీసివేసి వర్కర్‌ను కూడా సిస్టమ్‌డీ సర్వీస్‌గా మార్చండి. అప్పుడు దాన్ని మొదలుపెట్టేది సిస్టమ్‌డీయే కనుక మీ స్క్రిప్టు డిస్క్రిప్టర్లేవీ దానికి అందవు. ప్రశ్నలన్నీ అయిపోయిన చోట డీబీ_స్టాప్ పిలుపు కూడా చేర్చండి, అది డెబ్‌కాన్ఫ్‌తో సంభాషణను అక్కడే ముగిస్తుంది.

మూటకట్టు

రెండూ చేశాను. ఆప్ట్ వెంటనే ముగిసింది. కంటైనర్ ఇమేజ్ బిల్డ్ కూడా, వేసిన అతుకులన్నీ పీకేశాక, ఎర్రర్ లేకుండా పూర్తయ్యింది. ఆ తప్పిపోయిన ఇండెక్స్‌ను మైగ్రేట్ ఆదేశంలో ఒక మార్పుగా చేర్చి, మిగిలిన సర్వర్లకు ఒక్కొక్కటిగా పంపుతున్నాను.